పరాయి వీధిలో దీపము

సొంత ఊరిలో నడచు మనిషికి కాళ్లే దారి చూపును. ఏ మలుపున కుక్క మొరుగునో, ఏ అరుగుపై ఏ ముసలివాడు కూర్చుండునో, ఏ గల్లీలో చీకటి పడిన పిదప పోరాదో అతనికి ఎవరును చెప్పనక్కరలేదు. ఆ ఎరుకయే అతనికి కవచము. పరాయి ఊరిలో కాలు పెట్టిన క్షణమున ఆ కవచము జారిపోవును. బలవంతుడైనను, విద్యావంతుడైనను, జేబులో ధనమున్నవాడైనను కొత్తచోట కొంత పసివాడే. కావున ఒక నగరపు నాగరకతను కొలుచుటకు దాని మేడలను చూడనవసరము లేదు; నిన్న వచ్చిన అపరిచితుడు నేటి రాత్రి అక్కడ నిర్భయముగా నిదురింపగలడా అని చూచిన చాలును.

ఈ ప్రశ్న నేడు ఉత్తర తెలంగాణమున ఇంటింటి ప్రశ్న. కరీంనగరము నుండి పెద్దపల్లి మీదుగా రామగుండమునకు పోవు రాజీవ్ రహదారిపై నున్న సుల్తానాబాదు పట్టణమునే తీసికొనవచ్చును. పూర్వము కరీంనగరము జిల్లాలో తాలూకా కేంద్రమై, 2016 అక్టోబరు 11 నుండి పెద్దపల్లి జిల్లాలో చేరిన ఈ పట్టణము చుట్టును వరి పొలములు, లోపల బియ్యపు మిల్లులు కలవు. ఇది పాడిపంటల సీమయే గాని, దీని బిడ్డలు ఇంటిపట్టున ఉండిన తరము లేదు. ఈ ప్రాంతపు నేతగాండ్రు భివండికి, సూరతునకు, షోలాపూరునకు పోయిరి. తరువాతి తరము గల్ఫు దేశములకు పోయినది. ఇప్పుడు మరియొక తరము చదువు కొరకు లండనుకు, డబ్లినుకు, బెర్లినుకు పోవుచున్నది. విమానమెక్కు బిడ్డను చూచి తల్లిదండ్రులు అడుగునది విశ్వవిద్యాలయపు కీర్తిని గూర్చి కాదు. అక్కడ ఏ పేట మంచిది, రాత్రివేళ బయటికి పోవచ్చునా, ఆపదలో పలుకువారెవరు అనియే వారు అడుగుదురు. ఈ ప్రశ్నలలో భయము మాత్రమే కాదు, గొప్ప వివేకము కూడ కలదు.

తెలుగువారు ఈ వివేకమును గ్రంథస్థము చేసి రెండువందల సంవత్సరములు కావచ్చినది. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. హైదరాబాదు దాటిన పిమ్మట ఆయన పరివారము సుల్తానాబాదునకు పడమటగా నిర్మల మార్గమున గోదావరిని దాటి నాగపూరు దిక్కునకు సాగినది. అవి థగ్గుల భయము దేశమంతట వ్యాపించియున్న దినములు. ఆయన తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు వ్రాసి పంపిన వృత్తాంతములు 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చుపడినవి. అందు దేవాలయ వర్ణనలతోపాటు మజిలీకి మజిలీకి గల దూరము, నీటి వసతి, దిగుటకు చోటు, దినుసులు దొరకు అంగళ్లు, నదుల రేవులు, సుంకపు చౌకీలు నమోదైనవి. వెనుక వచ్చు బాటసారి చీకటిలో తడుముకొనరాదని ముందు నడచినవాడు పెట్టిన దీపములవి. పుణ్యమును ఒక్కడే సంపాదించుకొనవచ్చును గాని, దారిని గూర్చిన ఎరుకను పదిమందికి పంచవలెనని ఆయన తలచెను.

యూరపు నగరములు ఆది నుండి సురక్షితములు కావు. ఈ సంగతి మన విద్యార్థులు తెలిసికొనదగినది. పదునేడవ శతాబ్దమున ప్యారిసు వీధులలో సూర్యాస్తమయము పిమ్మట నడచుట ప్రాణములతో చెలగాటమే. 1667లో పదునాలుగవ లూయీ రాజు నగర రక్షణకై ఒక ప్రత్యేకాధికారి పదవిని సృష్టించి, దానిని లా రేనీ అను న్యాయవేత్తకు అప్పగించెను. ఆయన చేసిన మొదటి పనులలో ఒకటి వీధులలో క్రొవ్వొత్తుల లాంతరులను వ్రేలాడదీయించుట. కత్తి కన్న ముందు దీపము కావలెనని గ్రహించిన పాలకుడాయన.

లండనులో ధనికులు చీకటివేళ దివిటీలు పట్టు కుఱ్ఱవాండ్రను కూలికి పిలుచుకొని నడచెడివారు. ఆ దివిటీవాండ్రలో కొందరు కొత్తవారిని తిన్నగా దొంగల చేతికే అప్పగింతురని ఆనాడు లోకులు చెప్పుకొనిరి. తనకు దారి తెలియక, తెలిసినవానిని నమ్మక తప్పని బాటసారి దైన్యమంతయు అందు కలదు. 1807లో పాల్ మాల్ వీధిలో గ్యాసు దీపములు వెలిగి జనులను ఆశ్చర్యపరచినవి. 1829 సెప్టెంబరు 29న రాబర్ట్ పీల్ ఏర్పరచిన మెట్రోపాలిటన్ పోలీసులు మొదటిసారి గస్తీ తిరిగిరి. సైనికులవలె కనబడకుండుటకై వారికి ఎఱుపు కాక నీలి దుస్తులిచ్చిరి. ప్రతివాని కంఠపట్టీపై ఒక సంఖ్య ఉండెను. ఈ సంఖ్య చిన్న విషయముగా తోచును గాని పెద్ద విషయము. పేరు తెలియని పరదేశి సైతము ఆ సంఖ్యను గుర్తుంచుకొని ఫిర్యాదు చేయగలడు. అధికారము తన ముఖమును దాచుకొనరాదను నీతి ఆ పట్టీపై వ్రాయబడినది.

ఆపదలో పిలుచు మార్గమును కూడ ఆ నగరము చేదు అనుభవము నుండియే నేర్చినది. 1935 నవంబరులో లండను వింపోల్ వీధిలోని ఒక ఇంట మంటలు రేగి ఐదుగురు స్త్రీలు మరణించిరి. టెలిఫోను చేసిన పొరుగువాడు తన వంతు కొరకు వేచియుండవలసి వచ్చెను. తత్ఫలితముగా 1937 జూన్ 30న 999 అను అత్యవసర సంఖ్య వాడుకలోనికి వచ్చెను. 1991లో యూరపు దేశముల సమాఖ్య 112 అను సంఖ్యను అన్ని దేశములకును ఉమ్మడిగా నిర్ణయించెను. 2018 నుండి భారతదేశమున క్రమముగా అమలులోనికి వచ్చిన ఉమ్మడి అత్యవసర సంఖ్యయు 112 కావడము ఒక సౌకర్యము. సుల్తానాబాదు బడిలో నేర్చిన ఆ మూడంకెలు బెర్లినులోను, రోములోను పనికివచ్చును.

అయితే దీపములు, పోలీసులు, టెలిఫోనులు స్థానికునికిని పరదేశికిని ఒక్కతీరుగా ఉపకరించినవా అను ప్రశ్న వేరు. హిందూదేశము నుండి ఓడలలో పనిచేయుచు లండను చేరిన లాస్కరు నావికులు పలువురు తిరుగు ప్రయాణమునకు ఓడ దొరకక రేవుల వెంబడి చలిలో, ఆకలిలో అలమటించిరి. వారి దుర్గతిని చూడలేక దాతలు పూనుకొనగా 1857లో లైంహౌసు ప్రాంతమున ఆసియా, ఆఫ్రికా వాసుల కొరకు ‘పరదేశుల వసతి గృహము’ వెలసెను. పంజాబు రాజ్యమును కోల్పోయి ఇంగ్లండున ప్రవాసముననున్న మహారాజా దులీప్‌సింగు దానికి విరాళమిచ్చిన వారిలో ఒకడు. ఆ గృహము 1937 వరకు నడచెను.

ఆయాల కథ అంతకన్న జాలి గొలుపును. ఓడ ప్రయాణమున పిల్లలను చూచుకొనుటకై దొరసానులు వెంట తెచ్చుకొనిన భారతీయ దాదులలో కొందరిని, ఒడ్డు చేరిన పిమ్మట తిరుగు టిక్కెట్టైనను ఇవ్వక విడిచిపెట్టిరి. అట్టివారి కొరకు నడచిన ‘ఆయాల గృహము’ 1900లో హాక్నీలోని కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డుకు మారెను. స్వదేశమునకు పోవు కుటుంబమేదైనను దొరకు వరకు వారు అక్కడ తలదాచుకొనిరి. ఆ ఇంటికి 2022లో నీలి స్మారక ఫలకము అమర్చిరి. ఇతరుల బిడ్డలను సముద్రము దాటించి భద్రముగా చేర్చిన స్త్రీల భద్రతను పట్టించుకొనుటకు వేరొక ఇల్లు కట్టవలసి వచ్చెనన్నచో, నగరపు దీపములు అందరిపై సమానముగా ప్రసరింపలేదని తెలియుచున్నది.

విద్యార్థులుగా పోయినవారి అనుభవము మరియొక విధము. 1888లో లండను చేరిన మోహనదాసు గాంధీ మొదట విక్టోరియా హోటలులో దిగి, అక్కడి ఖర్చు చూచి బెదరెను. ప్రాణజీవన్ మెహతా అను పెద్దమనిషి వచ్చి, ఇతరుల వస్తువులను తాకరాదని, తొలి పరిచయముననే ప్రశ్నలు వేయరాదని, బిగ్గరగా మాటలాడరాదని బోధించెను. కొన్ని సంవత్సరముల పిమ్మట గాంధీ తనవలె వచ్చు యువకుల కొరకు లండను జీవితమును గూర్చి ఒక మార్గదర్శిని వ్రాసెను. అది ఆయన జీవితకాలమున అచ్చుకాలేదు. అయినను వీరాస్వామయ్య మజిలీల లెక్కకును, గాంధీ ఇంటి అద్దె లెక్కకును మూలమైన బుద్ధి ఒక్కటే. తాను తడబడిన చోట తన వెనుకవాడు తడబడరాదు.

హైదరాబాదు నుండి 1895లో పదునారేండ్ల సరోజినీదేవి నిజాము ప్రభుత్వపు విద్యార్థి వేతనముతో ఇంగ్లండుకు పోయెను. అంతకు పూర్వమే పోతము జానకమ్మ యను తెలుగు వనిత ఆ దేశమును చూచి వచ్చి, తెలుగున వ్రాసిన తన యాత్రా విశేషములను 1876లో మదరాసున ఆంగ్లములో ప్రకటించెను. బరంపురపు తెలుగు యువకుడు వరాహగిరి వేంకటగిరి 1913లో న్యాయశాస్త్రము చదువుటకు డబ్లిను నగరమునకు పోయెను. ఐర్లండు స్వాతంత్ర్య పోరాటము ఆయనను ఆకర్షించెను. 1916లో ఈస్టరు తిరుగుబాటుతో ఆ నగరము రణరంగమైనది. గిరి ఆ సంవత్సరమే దేశము విడిచి రావలసి వచ్చెను. తదుపరి కాలమున ఆయన భారత రాష్ట్రపతియయ్యెను. నగరము ఒక వసంతమున ఒకవిధముగాను, మరియొక వసంతమున వేరొకవిధముగాను ఉండవచ్చునని ఈ యుదంతము తెల్పుచున్నది. భద్రత స్థిరాస్తి కాదు.

లండనుకు పోవు భారతీయ విద్యార్థులకు కే. టి. పాల్ కృషితో 1920లో వెలసిన వై.ఎం.సి.ఏ. వసతి గృహము గొప్ప ఆశ్రయమైనది. ఇప్పటికిని అది ఫిట్జ్‌రాయ్ స్క్వేరు చెంత నడచుచున్నది. ఇట్టి ఇండ్లు అన్నము, పడక మాత్రమే పెట్టలేదు. తన భాష మాటలాడు నలుగురిని, ఏ వీధి ఎటువంటిదో చెప్పు అనుభవజ్ఞులను, జ్వరము వచ్చినచో వైద్యుని కడకు కొనిపోవు తోడును ఇచ్చినవి. ఈ పని మన హైదరాబాదులోను జరిగినది. నాంపల్లి స్టేషను సమీపమున 1919లో నిజాము ప్రభుత్వము కట్టించిన సరాయి బాటసారులకు నీడనిచ్చెను. నగర కొత్వాలుగా 1920 నుండి 1934 వరకు పనిచేసిన రాజబహదూరు వేంకటరామారెడ్డి అంతకు పూర్వమే, 1918లో, రెడ్డి హాస్టలు స్థాపనకు మూలపురుషుడయ్యెను. జిల్లాల నుండి వచ్చిన తెలుగు బాలురకు ఆ మహానగరమున అది రెండవ ఇల్లైనది. నగర రక్షణ ఎరిగిన అధికారి, కొత్తవాని భద్రతకు గస్తీ ఒక్కటియే చాలదనియు, తలుపు తట్టుటకు ఒక ఇల్లు కావలెననియు గుర్తించుట గమనింపదగినది.

కొత్తవారు నివసించు పేటలను గూర్చి మరియొక కఠిన సత్యము కలదు. తూర్పు లండనులోని వైట్‌చాపెల్ ప్రాంతమున 1978 మే 4న ఆల్తాబ్ అలీ అను బంగాలీ యువకుడు, కుట్టుపని చేసికొని జీవించువాడు, పని ముగించుకొని ఇంటికి పోవుచుండగా జాతిద్వేషమునకు బలియయ్యెను. ఆ పేటలో బంగాలీలు అంతకు పూర్వమే ఎన్నియో దెబ్బలు సహించియుండిరి. ఈసారి సహింపలేదు. పది దినముల పిమ్మట వేలమంది అతని శవపేటిక నమూనా వెంట నగర నడిబొడ్డునకు ఊరేగింపుగా నడచిరి. 1998లో అక్కడి ఉద్యానమునకు ఆల్తాబ్ అలీ పేరు పెట్టిరి. ఆ పేట ‘ప్రమాదకరమైనది’ అని బయటివారు చెప్పుకొనిన దినములలో నిజముగా ప్రమాదమున ఉండినవారు ఆ పేట జనులే. ఒక వాడకు చెడ్డపేరు వచ్చినపుడు ఎవరు ఎవరికి భయపడుచున్నారో విచారింపకుండ నమ్మరాదు.

ఈ విచారణ నేటి విద్యార్థికి మిక్కిలి అవసరము. ఇంగ్లండు, వేల్సులలో 2011 నుండి వీధివారీగా నేరముల పటములను ప్రభుత్వము ప్రకటించుచున్నది. అట్టి పటమును చూచి నగరమధ్యమును, రైలు స్టేషను పరిసరములను నరకకూపములని తలచుట తొందరపాటు. అక్కడ పగలు లక్షలమంది నడతురు, నివసించువారు కొద్దిమంది. జనము పెరిగినకొలది జేబుదొంగతనముల లెక్కయు పెరుగును. దొంగతనమునకును దౌర్జన్యమునకును భేదము చూడవలెను. యూరపు నగరములలో పలుచోట్ల యాత్రికునికి ఎదురగు సాధారణ హాని కత్తిపోటు కాదు, జేబు కత్తిరింపు. ప్యారిసు భూగర్భ రైళ్లలోను, బార్సిలోనా రాంబ్లా వీధిలోను, రోము ప్రధాన స్టేషను చెంతను జేబుదొంగలు ప్రసిద్ధులు. ఒకడు సంతకము చేయుమని కాగితము చూపును, మరియొకడు బట్టలపై ఏదో చిమ్మి తుడువ వచ్చును, మూడవవాడు పని ముగించును. పోలీసునని చెప్పి డబ్బు సంచి చూపుమనువాడు కూడ కలడు. సంచిని ముందుకు వేసికొనుట, పాస్‌పోర్టు నకలును వేరుగా దాచుట, సొమ్మంతయు ఒక్కచోట ఉంచకుండుట మొదలగునవి మన తిరునాళ్లలో పెద్దలు చెప్పు జాగ్రత్తలే.

ఇల్లు వెదకుటలో మోసము ఇంకను ఎక్కువ. గది చూపకమునుపే బయానా పంపుమని అడుగువానిని నమ్మరాదు. పగలు చూచిన వీధిని రాత్రి ఒకసారి చూడవలెను. చివరి రైలు ఎప్పుడో, స్టేషను నుండి ఇంటికి వెలుతురున్న దారి ఏదో, ఆ దారిలో పొద్దుపోవు వరకు తెరచియుండు అంగడి కలదో లేదో తెలిసికొనవలెను. 1961లో జేన్ జేకబ్స్ అను అమెరికా రచయిత్రి నగరములను గూర్చి వ్రాయుచు, వీధిని కాపాడునవి ముఖ్యముగా వీధివైపు తిరిగియున్న కన్నులని వాదించెను. మన పాత ఇండ్ల అరుగులు చేసిన పని అదియే. అరుగుపై కూర్చున్న ముసలివాడు ఏ జీతమును పుచ్చుకొనక వాడను కాచెను. 1982లో ఇంగ్లండులోని మోలింగ్టన్ అను పల్లెలో పొరుగువారి కాపలా సంఘము వెలసి, ఆ దేశమంతట వ్యాపించినపుడు, అరుగులు లేని దేశము అరుగు పనిని సంఘముగా కూర్చుకొనినదనవచ్చును. జర్మనీ వంటి దేశములలో ఇల్లు మారినవాడు రెండు వారములలోగా స్థానిక కార్యాలయమున తన నివాసమును నమోదు చేయించుకొనవలెను. కొత్తవారికి ఇది వేధింపుగా తోచును గాని, పేరు, చిరునామా నమోదైనవాడు ఆపదలో మాయమైనచో అడుగుటకు ఒక ఆధారముండును.

ఇంతవరకు చెప్పినదంతయు మన ఊరి నుండి పోవువారిని గూర్చి. సుల్తానాబాదు మీదుగా నడచు రైళ్లు, బస్సులు మనుష్యులను కొనిపోవుటయే కాదు, తీసికొనియు వచ్చుచున్నవి. బియ్యపు మిల్లులలో బస్తాలు మోయు హమాలీలలో బీహారు వాసులు కలరు. పెద్దపల్లి ప్రాంతపు ఇటుక బట్టీలకు ప్రతి సంవత్సరము పంటలు ఇంటికి చేరిన పిమ్మట ఒడిశాలోని బలాంగీరు, నువాపడా సీమల నుండి కుటుంబములకు కుటుంబములు తరలివచ్చి, వానలు పడువేళకు తిరిగిపోవుచున్నవి. లండను వీధిలో మన బిడ్డ ఏ స్థితిలో నుండునో, ఇక్కడి బట్టీ చెంత ఆ ఒరియా బిడ్డ అదే స్థితిలో నున్నాడు. భాష తెలియదు. ఆసుపత్రి ఎచ్చటనో తెలియదు. ముందు పుచ్చుకొనిన బయానా తల్లిదండ్రుల కాళ్లకు సంకెల. ఊరిలో ఎక్కడైనను కోడి పోయినచో మొదటి అనుమానము అతని గుడిసెపైననే పడును. వలస కార్మికుల రక్షణకై 1979లోనే పార్లమెంటు చట్టము చేసెను గాని, చట్టము గుడిసె తలుపు వరకు నడచి రాలేదు. దానిని చేయిపట్టి తీసికొనిపోవలసినవాడు మనిషి.

ఈ పనిలో ఉపాధ్యాయునికి సాటి రాగలవాడు లేడు. ఒరియా పిల్లల కొరకు ఇటుక బట్టీల కడనే బడులు నడిపిన అనుభవము తెలంగాణమున కలదు. పిల్లవాని పేరు హాజరు పట్టీలో పడిన దినముననే అతడు ఆ ఊరిలో అనామకుడు కాకుండ పోవును. లండను పోలీసు కంఠపట్టీపై సంఖ్య ఏ పని చేసెనో, హాజరు పట్టీలోని పేరు ఇక్కడ ఆ పనియే చేయును. మొదటిది అధికారిని గుర్తుపట్టుటకు, రెండవది అనాథను గుర్తుంచుకొనుటకు. భూగోళ పాఠమున బలాంగీరును పటములో చూపించి, ఆ పిల్లవాని చేతనే తన ఊరిని గూర్చి నాలుగు మాటలు చెప్పించిన ఉపాధ్యాయుడు ఒక కాపలా సంఘము చేయు పనిని ఒక్క గంటలో చేసినవాడగును. వానిని ఎరిగిన నలువది మంది బాలుర ఇండ్లలో వానిపై అనుమానము తేలికగా నిలువదు.

పరదేశమునకు పోవు విద్యార్థికి కూడ ఇదియే మొదటి పాఠము. తన ఊరిలో కొత్తవానిని చూచి ముఖము త్రిప్పుకొనినవాడు, పరాయి నగరమున తనను చూచి ముఖము త్రిప్పుకొనువారిని ఏమని నిందింపగలడు? ఇక్కడ దారి అడిగినవానికి నాలుగడుగులు వెంట నడచి చూపినవాడు, అక్కడ దారి అడుగుటకు సిగ్గుపడడు. అడుగుట తెలిసినవానికి సగము ఆపద అక్కడనే తొలగును. ప్యారిసు లాంతరునకు ఒక రాజు, లండను గ్యాసు దీపమునకు ఒక కంపెనీ కావలసి వచ్చినవి. సుల్తానాబాదు చివరనున్న బట్టీ దారిలో ఒక దీపమునకు పురపాలక సంఘమునకు ఒక అర్జీ చాలును. ఆ గుడిసెలలోని వారిని పేరు పెట్టి పిలుచుటకు అర్జీ కూడ అక్కరలేదు.